మనవలతో బేస్‌బాల్ ఆటకు వెళ్ళిన పెద్దవారు తమ అనుభవాలు చెప్పగలరా?

తెనాలి తాతయ్య:
అందరికీ నమస్కారం. మేము ఆరు నెలలు ఉండి వెళ్దామని టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంటికి వచ్చాము. ఏడేళ్ళ మనవణ్ణీ నాలుగేళ్ళ మనవరాలినీ వచ్చే శనివారం బేస్‌బాల్ ఆటకు తీసుకువెళ్తానని మాట ఇచ్చేశాను. అబ్బాయికీ కోడలికీ ఆ రోజు డ్యూటీ ఉంది, మా ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేదు కనుక పిల్లల బాధ్యత అంతా నాదే. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ ఆట చూపించడం మంచిదా, లేక ఊళ్ళోనే ఉన్న రఫ్‌రైడర్స్ ఆటతో సరిపెట్టుకోవడం మంచిదా?

ఆర్లింగ్టన్ అమ్మమ్మ:
అన్నయ్య గారూ, మేము రెండూ చూశాము. రేంజర్స్ 2023లో వరల్డ్ సిరీస్, అంటే ఇక్కడి పెద్ద లీగ్ ఫైనల్, గెలిచిన జట్టు. వారి గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో ప్రారంభమైంది, పైకప్పు మూసి ఏసీ వేస్తారు కనుక జూలై ఎండ బాధ ఉండదు. అయితే నలభై వేల మంది పట్టే ఆ స్టేడియంలో పార్కింగ్ నుంచి సీటు వరకు నడిచేసరికే మా చిన్నది ఎత్తుకోమని చేతులు చాచింది. రఫ్‌రైడర్స్ అదే రేంజర్స్‌కు అనుబంధంగా ఉన్న డబుల్-ఎ జట్టు, అంటే పెద్ద లీగ్‌కు రెండు మెట్లు కింది స్థాయి. అక్కడ మైదానం చిన్నది, అవుట్‌ఫీల్డ్ వెనుక పచ్చిక గట్టు మీద దుప్పటి పరచుకొని కూర్చోవచ్చు, పిల్లలు పక్కనే దొర్లుతారు. ఒక్కరే ఇద్దరు పిల్లలను చూసుకోవాలంటే నా ఓటు ఫ్రిస్కోకే. కాకపోతే నీడ తక్కువ కనుక సాయంత్రం ఆటకే వెళ్ళండి.

శాన్‌హోజే పెద్దాయన:
గేటు దగ్గర నేను పడ్డ తిప్పలు చెబుతాను. మా కోడలు పెరుగన్నం స్టీలు డబ్బాలో సర్ది ఇచ్చింది. ఒక స్టేడియం గేటు దగ్గర స్టీలు డబ్బా లోపలికి కుదరదన్నారు. మనవడికి అక్కడే ఒక పక్కన నిలబెట్టి గబగబా నాలుగు ముద్దలు తినిపించి, డబ్బాను మళ్ళీ కారులో పెట్టి వచ్చేసరికి మొదటి ఇన్నింగ్స్ (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేయడం) అయిపోయింది. కొన్నిచోట్ల బయటి తిండిని పారదర్శకమైన జిప్ సంచిలో పెడితే అనుమతిస్తారు, కాని ఒక్కో స్టేడియానికి ఒక్కో నియమం ఉంటుంది కనుక ముందుగా వారి వెబ్‌సైటులో చూసుకోవడం మేలు. టికెట్లు కూడా ఈ రోజుల్లో ఫోనులోనే ఉంటాయి. అవి అబ్బాయి ఫోనులో ఉండిపోకుండా మీ ఫోనుకు పంపించుకోండి, ఛార్జింగ్ నిండుగా ఉంచుకోండి. పిల్లల ముంజేతి మీద మీ ఫోను నంబరు పెన్నుతో రాయడం మరిచిపోవద్దు.

ఎడిసన్ నానమ్మ:
ఆట ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేదు. రేంజర్స్ లాంటి పెద్ద జట్లు ఆడే మేజర్ లీగ్‌లో 2022 వరకు సగటున మూడు గంటలు పట్టేది. 2023లో పిచ్ క్లాక్ అనే గడియారం పెట్టి, బేసుల మీద (బ్యాటర్లు పరుగెత్తి చేరే మజిలీల మీద) ఎవరూ లేనప్పుడు పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, 15 సెకన్లలో బంతి వేయాలని నియమం తెచ్చాక అది సుమారు రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. నాలుగేళ్ళ పిల్లకు అదీ ఎక్కువే. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ చూసి తీరాలని పట్టుబట్టకండి, ఐదో ఇన్నింగ్స్ తరువాత ఎప్పుడైనా లేవవచ్చు.

సీటు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. గట్టు మీద కూర్చోవడం బాగానే ఉంటుంది కాని హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గరి సీట్ల ముందు ఉన్నట్టు అక్కడ రక్షణ వల ఉండదు. బ్యాటర్ నిలబడినప్పుడు ఫోను చూడకుండా బంతి మీదే కన్ను వేసి ఉంచాలి.

సైదాబాద్ మామయ్య:
అమ్మా, మీతో ఏకీభవించలేను. సగంలో లేచి వచ్చే అలవాటు పిల్లలకు నేర్పడం సరి కాదు. కనీసం ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాట పాడే దాకా ఉంచండి, పిల్లలకు గుర్తుండేది అదే. ఆట అర్థం కావాలంటే ముగ్గురు అవుట్ అయితే జట్లు మారతాయన్న ఒక్క మాట చెప్పండి చాలు, మిగిలినదంతా మనవడే మీకు చెబుతాడు. ఇంకో సంగతి, గీతల బయటికి కొట్టగా జనంలోకి వచ్చిన ఫౌల్ బంతిని క్రికెట్‌లోలాగా తిరిగి ఇవ్వనక్కరలేదు, పట్టుకున్నవారిదే.

తెనాలి తాతయ్య:
మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రఫ్‌రైడర్స్ ఆటకు వెళ్ళి వచ్చాము. పులిహోర జిప్ సంచిలో పెట్టుకున్నాను, గేటు దగ్గర ఏ అభ్యంతరమూ రాలేదు. గట్టు మీద కాకుండా వల వెనుక సీట్లే తీసుకున్నాను. హాట్ డాగ్ అడిగితే గొడ్డు మాంసం ఉంటుందేమోనని సంకోచించి పిల్లలకు పాప్‌కార్న్ కొన్నాను, నాకు వేయించిన పల్లీకాయలు దొరికాయి. తొక్కలు ఎక్కడ వేయాలో తెలియక నేను గుప్పిట్లో దాచుకుంటుంటే, మనవడు నా చెయ్యి విప్పి అన్నీ కింద రాల్చి, "ఇక్కడ ఇలాగే వేయాలి తాతయ్యా" అన్నాడు. చుట్టూ చూస్తే నిజంగానే అందరి కాళ్ళ కింద తొక్కలే. మా తెనాలి సినిమా హాలులో కూర్చున్నట్టే అనిపించింది.

ఆరో ఇన్నింగ్స్‌లో మనవరాలు నిద్రపోయింది. ఎడిసన్ నానమ్మ గారి మాట ప్రకారం లేవబోయాను, కాని మనవడు ఏడో ఇన్నింగ్స్ పాట దాకా కదలనన్నాడు. పాపను భుజాన వేసుకొని నేనూ నిలబడ్డాను. పాట పూర్తికాగానే బయలుదేరాము.

ఆదివారం ఆట అయ్యాక పిల్లలను మైదానంలోకి వదిలి బేసుల చుట్టూ పరుగెత్తనిస్తారని వాడు అక్కడే విని వచ్చాడు. పెద్దవారు వెంట వెళ్ళవచ్చా, లేక గీత దగ్గరే ఆగాలా? చిన్నది ఒంటరిగా పరుగెత్తదు.