కెనడాను దాటే రహదారి 1962 దాకా ఎందుకు ఆగింది?

ప్రశ్న (కాల్గరీ నుంచి):
అందరికీ నమస్కారం. ఈ వేసవిలో ట్రాన్స్-కెనడా హైవే మీదుగా కుటుంబంతో వాంకూవర్ వెళుతూ రోజర్స్ పాస్ దగ్గర ఆగాము. ఆ కనుమ గుండా రోడ్డు 1962లోగానీ తెరుచుకోలేదని అక్కడే తెలిసింది. పసిఫిక్ తీరం దాకా రైలు మార్గాన్ని 1885లోనే పూర్తిచేసిన దేశానికి రోడ్డు వేయడానికి అంతకాలం ఎందుకు పట్టింది? కొండలు అడ్డమా, డబ్బు లేకనా? తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి సమాధానం:
నా దృష్టిలో కొండలకన్నా, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగవే పెద్ద అడ్డంకి అయింది. కెనడాలో రోడ్లు ప్రావిన్సుల అధికారంలో ఉంటాయి. అందువల్ల 1949లో ట్రాన్స్-కెనడా హైవే చట్టం చేసినప్పుడు కూడా కేంద్రం సగం ఖర్చు భరిస్తానని మాత్రమే ఒప్పుకుంది. దారిని ఎంచుకోవడం, నిర్మించడం, ఆ తర్వాత బాగోగులు చూసుకోవడం ప్రావిన్సుల పనే. క్యూబెక్ 1960 దాకా ఈ ఒప్పందంలో చేరనే లేదు. ఊళ్లున్న చోట పని సాగింది కానీ, జనం లేని అడవుల్లోనూ కొండల్లోనూ సగం ఖర్చు పెట్టడం కూడా ప్రావిన్సులకు భారమైంది. చివరికి 1956లో, మిగిలిపోయిన కష్టమైన భాగాలకు 90 శాతం వరకు తానే ఇస్తానని కేంద్రం ముందుకు వచ్చాకే పని ఊపందుకుంది. సరిగ్గా అదే ఏడాది మన దేశంలో చేసిన జాతీయ రహదారుల చట్టం ఆ రోడ్లను నేరుగా కేంద్రానికే అప్పగించింది. నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం మీదుగా సాగే చెన్నై-కోల్‌కతా రహదారిని నాలుగు వరుసలు చేసేటప్పుడు ఇటువంటి బేరసారాలు అవసరం కాకపోవడానికి అదొక ముఖ్య కారణం.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తున్నాను, కానీ రోజర్స్ పాస్ విషయంలో మంచును తక్కువగా అంచనా వేయకూడదండి. 1910 మార్చిలో అక్కడ కొండవాలు నుంచి మంచుచరియ విరుచుకుపడి, పట్టాల మీద మంచు తొలగిస్తున్న 58 మంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత రైల్వేవారు కనుమను వదిలేసి, 1916లో కానాట్ సొరంగం గుండా రైళ్లు నడపసాగారు. రోడ్డుకు 1940 నుంచి ఉన్న దారి, కొలంబియా నది వంపు వెంట సుమారు 300 కిలోమీటర్లు చుట్టివచ్చే బిగ్ బెండ్ కంకర రోడ్డు ఒక్కటే. చలికాలంలో అదీ మూతపడేది. రైల్వే వదులుకున్న చోట రోడ్డు వేయాలంటే ముందు ఏ వాలు నుంచి మంచు ఎంత దూరం జారుతుందో తెలియాలి కనుక, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఇంజనీరు పీటర్ షేరర్ వంటివారు ఆ వాలులను పరిశీలించాక, మంచు రోడ్డు పైనుంచి జారిపోయేలా కాంక్రీటు కప్పులు కట్టారు. నేటికీ చలికాలంలో అక్కడ వాహనాలను ఆపివేసి, సైనికులు హోవిట్జర్ ఫిరంగులతో పైవాలుల మీదికి గుళ్లు పేలుస్తారు. పేరుకున్న మంచును అలా ముందుగానే దింపి, రోడ్డు మీద పడినదాన్ని యంత్రాలతో తొలగించాక మళ్లీ దారి వదులుతారు. ఒక రహదారిని తెరిచి ఉంచడానికి ఏటా ఇంత శ్రమ పడుతున్నారంటే ఆ సిబ్బంది పట్ల నాకెంతో గౌరవం.

ఇక ప్రారంభోత్సవం కూడా రెండుసార్లు జరిగింది. రోజర్స్ పాస్ ఉన్న బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు ప్రధాని బెన్నెట్ 1962 జూలైలో ఒకసారి ప్రారంభించగా, దేశ ప్రధాని డీఫెన్‌బేకర్ సెప్టెంబరు 3న రోజర్స్ పాస్‌లో మళ్లీ ప్రారంభించారు.

మూడవ సమాధానం (థండర్ బే నుంచి):
అందరూ రాకీ పర్వతాల వైపే చూస్తారు కానీ, సుపీరియర్ సరస్సు ఒడ్డున వావా దగ్గరి భాగం కూడా 1960 దాకా పూర్తికాలేదు. అక్కడ గట్టి రాతిని పేల్చుకుంటూ, బురద నేలలను పూడ్చుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. మా ప్రాంతపు బలహీనత ఇప్పటికీ తీరలేదని చెప్పాలి. 2016 జనవరిలో నిపిగాన్ నది మీది కొత్త వంతెన ఒక చివర పైకి లేచిపోయి రాకపోకలు ఆగినప్పుడు, తూర్పు, పడమర కెనడాల మధ్య దేశం లోపల మరో రోడ్డే లేకపోయింది. లారీలకు అమెరికా మీదుగా చుట్టి వెళ్లడమే గతి అయింది. ఒక వరుసను మర్నాడే తెరిచారు కానీ, సరిహద్దు దాటే పత్రాలు లేని డ్రైవర్లు అప్పటిదాకా ఎక్కడివారక్కడే ఉండవలసిందే.