మలేషియాలోని పెనాంగ్‌లో చార్ క్వే టియావ్ (వేయించిన బియ్యపు నూడుల్స్) విదేశీయులు వండకూడదన్న రూల్ కరెక్టేనా?

సుబ్బు_కేఎల్
లాంగ్ వీకెండ్ కదా అని పెనాంగ్ రాజధాని జార్జ్‌టౌన్ వెళ్లొచ్చాను. అక్కడ హాకర్ స్టాళ్లలో (వీధి తిండి బండ్లలో) లోకల్ వంటకాలు విదేశీ పనివాళ్లు వండకూడదట. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించి 2016 నుంచి అమల్లో పెట్టింది. గిన్నెలు కడగొచ్చు, ప్లేట్లు అందించొచ్చు, గరిట మాత్రం పట్టకూడదు. ఇదేం న్యాయం? కేఎల్‌లో (కౌలాలంపూర్‌లో) మా ఆఫీసు కింద కోపిటియంలో (కాఫీ హోటల్లో) మయన్మార్ కుర్రాడు చేసే ‘వాన్‌టాన్ మీ’ (‘మీ’ అంటే నూడుల్స్) కోసం మేం క్యూ కడతాం. చెయ్యి తిరిగినవాడైతే చాలదా?

పులుసుపిచ్చి
సుబ్బు గారూ, మీరు తినేసి వెళ్లిపోయారు, నేను ఇక్కడే కాపురం ఉంటున్నా కాబట్టి చెప్తున్నా. మంచి స్టాల్‌లో చార్ క్వే టియావ్ ఒక్కో ప్లేటు విడిగా వేయిస్తారు. మూకుడు పొగలు కక్కాక పంది కొవ్వు, వెల్లుల్లి, వెంటనే వెడల్పాటి బియ్యపు నూడుల్స్, సోయా సాస్, వాటిని పక్కకి నెట్టి అక్కడే గుడ్డు కొట్టి, రొయ్యలు, పెసర మొలకలు, చివర్లో గుల్లల మాంసం వేసి అది గట్టిపడేలోపే దించేస్తారు. రెండు మూడు నిమిషాల పని, కానీ ఆ మంట ముందు ఏళ్లు నిలబడితేగానీ రాదు. ఓనర్ గల్లాపెట్టె దగ్గర సెటిలై, నిన్న చేరిన కుర్రాడికి కలిపి ఉంచిన సాస్ ఇచ్చి నాలుగు ప్లేట్లు ఒకేసారి వేయించమంటే నూడుల్స్ చెమ్మపట్టి ముద్దయిపోతాయి. అలాంటివి చాలా తిన్నాను. నా కోపం కుర్రాడి మీద కాదు, ఓనర్ మీద.

బగాన్_బిడ్డ
అక్కా, కోపం ఓనర్ మీదైతే శిక్ష కుర్రాడికెందుకు? మా ముత్తాత విశాఖ వైపు నుంచి తోటల్లో పనికి వచ్చాడు, మేం నాలుగు తరాలుగా ఇక్కడే. మనందరం ఇష్టంగా తినే ‘మీ గోరెంగ్ మామక్’ నూడుల్స్ ఎవరివి? తమిళ ముస్లింలు చైనా వాళ్ల పసుపు నూడుల్స్ తీసుకుని బంగాళదుంప, టోఫు, మిరప ముద్ద, టమాటా సాస్ వేసి వేయించారు, పైన నిమ్మకాయ పిండారు. వాళ్లూ ఓడ దిగిన విదేశీయులే. అప్పుడే ఈ రూల్ ఉంటే ఈ ప్లేటు పుట్టేదా?

పులుసుపిచ్చి
తమ్ముడూ, వాళ్లు తమ బండి తాము పెట్టుకున్నారు, తమ చేత్తో తాము వండుకున్నారు. ఇప్పుడొచ్చే కుర్రాడు ఇంకొకడి బోర్డు కింద కూలికి వండుతున్నాడు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

బగాన్_బిడ్డ
అవవు, ఎందుకంటే వీడిని బండీ పెట్టుకోనివ్వరు, గరిటా పట్టనివ్వరు!

రావు_రిటైర్డ్
గొడవ పడకండి. 2018లో ఫెడరల్ మంత్రి కులశేఖరన్ రెస్టారెంట్లన్నిటిలో స్థానిక వంటవాళ్లే ఉండాలని అని, హోటళ్లవాళ్లు లబోదిబోమంటే వెనక్కి తగ్గారు. నా లెక్క వేరు. ఆసం లక్సా చూడండి. చేప ఉడికించి ముళ్లు తీసి, చింతపండుతో పులుసు కాయడంలోనే పనంతా ఉంది, అది జనం రాకముందే అయిపోతుంది. తర్వాత గిన్నెలో లావు బియ్యపు నూడుల్స్ మీద పులుసు పోసి, కీరా, అనాస, పుదీనా చల్లి, నల్లటి తియ్యటి రొయ్యల పేస్టు హే కో ఒక చెంచా వేసి ఇవ్వడమే. ఆ చెంచా ఎవరు వేస్తే ఏం? పెనాంగ్ హొక్కియన్ మీ కూడా అంతే, రొయ్యల తలలతో కాచిన పులుసే ప్రాణం. చేతిపని అంతా మంట మీదే ఉన్న చార్ క్వే టియావ్‌నీ వీటినీ ఒకే గాటన కట్టడమే నాకు నచ్చలేదు.

పులుసుపిచ్చి
రావు గారూ, బాగుంది, కానీ ఆ పులుసు కాచింది ఓనరేనని ఎవరు చూశారు? ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే రాడు కదా.

ఆకుకూర_అచ్యుత్
నేను శాకాహారిని. ఎవరు వండినా నా ప్లేట్లో ఏదో ఒక రూపంలో రొయ్య పడుతూనే ఉంది. ముందు దానికి ఎవరైనా రూల్ పెట్టండి బాబూ.

రావు_రిటైర్డ్
అచ్యుత్, చైనీస్ బౌద్ధుల వెజ్ స్టాళ్లు చూడు, పెనాంగ్‌లో చాలానే ఉన్నాయి. రొయ్యల పేస్టు లేకుండా కర్రీ మీ చేస్తారు, వెల్లుల్లి కూడా వెయ్యరు.

సుబ్బు_కేఎల్
వెల్లుల్లి లేని కర్రీ మీనా? రావు గారూ, దీనికి ఇంకో థ్రెడ్ తెరవాలండి.