కొత్తవాడ దర్రీలను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాం: జీఎస్టీ, ధర, కొరియర్ గురించి సలహా కావాలి

పడుగుపేక (వరంగల్) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. మా మామగారు నలభై ఏళ్లుగా దర్రీలు (నేల మీద పరిచే మందపాటి నూలు పట్టాలు) నేస్తున్నారు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఒకదాని మీద ఆయన, మరోదాని మీద మా వారు కూర్చుంటారు. ఇన్నాళ్లూ నూలు ఇచ్చే మాస్టర్ వీవరే సరుకు తీసుకొని కూలి కట్టిచ్చేవారు. నిరుడు దసరా తర్వాత ధైర్యం చేసి సొంతంగా నూలు కొని, ఇరవై నాలుగు దర్రీలు నేశాం. తెలిసినవాళ్లు ఇంటికి వచ్చి పద్నాలుగు కొన్నారు. మిగిలిన పదింటితో ఆన్‌లైన్‌లో అంగడి తెరవాలని నా ఆలోచన.

మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు ఉన్న దర్రీకి నూలు, అద్దకం, కూలి కలిపి మాకు 900 రూపాయలు పడుతున్నది. ఇంటి దగ్గర 1,200కు ఇచ్చాం. ఆన్‌లైన్‌లోనూ అదే ధర పెడితే సరిపోతుందా? జీఎస్టీ లేకుండా అమ్మవచ్చని ఒకరు, అది లేనిదే ఖాతా కూడా తెరవనివ్వరని మరొకరు అంటున్నారు. పైగా నా పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇల్లు, కరెంటు బిల్లు మామగారి పేరు మీద ఉన్నాయి. వీటిలో ముందుగా ఏది సరిచేసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

లెక్కలపుస్తకం (హనుమకొండ) జవాబు:

అమ్మా, మీకు చెప్పిన ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉన్నది. ఒకప్పుడు ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్మేవారు ఎంత చిన్నవారైనా జీఎస్టీ నమోదు తప్పనిసరిగా తీసుకోవలసి వచ్చేది. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులకు సడలింపు ఇచ్చారు. ఏడాది టర్నోవర్ పరిమితికి లోబడి ఉండి, సొంత రాష్ట్రంలోని కొనుగోలుదారులకే అమ్మేవారు పూర్తి నమోదు లేకుండా, పాన్ ఆధారంగా జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. ఇక్కడొక మెలిక ఉన్నది. సరుకు అమ్మేవారికి పరిమితి 40 లక్షలని చాలాచోట్ల చదువుతుంటాం గానీ, తెలంగాణ ఆ పెంపును తీసుకోలేదు కాబట్టి మనకు అది 20 లక్షలే. పది దర్రీలతో మొదలుపెట్టే మీకు దానితో ఇప్పట్లో పని పడదు. అయితే ఈ పద్ధతిలో మీ దర్రీ ఆదిలాబాద్‌కు పోవచ్చు గానీ నాగపూర్‌కు పోకూడదు. నంబరు తీసుకున్నా అన్ని వేదికలూ ఇటువంటివారిని చేర్చుకోవు కనుక, ఖాతా తెరిచే ముందే ఆ సంగతి చూసుకోండి.

అన్నిటికంటే ముందు పేరు సరిచేసుకోండి. పాన్‌లో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా లేకపోతే ధ్రువీకరణ దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది. వరంగల్‌లో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ఈ ఇంటిపేరు చిక్కు లేనివారు అరుదు. కరెంటు బిల్లు మామగారి పేరు మీద ఉండటం పెద్ద అడ్డంకి కాదు. రేపు పూర్తి నమోదు తీసుకున్నా, ఆ ఇంట్లో వ్యాపారం చేసుకోవడానికి తనకు అభ్యంతరం లేదని ఆయన సంతకంతో ఒక పత్రం జతచేస్తే సరిపోతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు కూడా చేసుకోండి. అది పూర్తిగా ఉచితం, దానికి డబ్బులడిగే వెబ్‌సైట్లను నమ్మవద్దు.

ఇత్తడిపని (జనగామ) జవాబు:

మాది పెంబర్తి పని. ఇత్తడి రేకు మీద కొట్టి బొమ్మను పైకి తేల్చే పని కాబట్టి సరుకు వేరే అయినా, ఆన్‌లైన్‌లో నష్టపోయే దారులు మాత్రం అందరికీ ఒకటే. ఆరేళ్లుగా అమ్ముతున్న అనుభవంతో చెబుతున్నాను: 1,200 ధర పెడితే మీరు అమ్మిన ప్రతి దర్రీకీ చేతి డబ్బులు పెట్టుకోవలసి వస్తుంది.

ఎట్లాగో చూడండి. మీ ఖర్చు 900, ప్యాకింగ్ 40, కొరియర్ 180 అనుకుందాం. పది ఆర్డర్లలో ఒకటి తిరిగి వస్తే, రానుపోను ఖర్చు, పాడైన ప్యాకింగ్ కలిపి 400 పోతుంది; దాన్ని అమ్ముడుపోయిన తొమ్మిదింటికి పంచితే ఒక్కోదానికి 45 చొప్పున పడుతుంది. మొత్తం 1,165 అయింది. వేదిక కమీషన్ 15 శాతం అనుకుంటే, ఆ కమీషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంటుంది గనుక అమ్మకం ధరలో 17.7 శాతం అక్కడే పోతుంది. 1,200లో 212 పోగా మిగిలేది 988. అంటే దర్రీకి 177 రూపాయల నష్టం. నష్టం లేకుండా బయటపడటానికే దాదాపు 1,416 పెట్టాలి, లాభం ఆ పైన. కమీషన్ ఒక్కో వేదికలో, ఒక్కో వస్తువుకు ఒక్కో రకంగా ఉంటుంది. కొన్ని వేదికలు తీసుకోవు కూడా. అందుకే అంకెలు మార్చుకొని ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

ఇక దర్రీకి అసలు శత్రువు దాని బరువు కాదు, పరిమాణం. కొరియర్‌వారు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. ఆ అంకె, తక్కెడ చూపే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు కట్టించుకుంటారు. దర్రీని చాపలా చుట్టి 95, 15, 15 సెంటీమీటర్ల కట్టగా పంపితే నాలుగు కిలోలు దాటుతుంది. అదే దర్రీని మడతపెట్టి 45, 35, 8 సెంటీమీటర్ల ప్యాకెట్టు చేస్తే రెండున్నర కిలోలే. మడత గీతలు పడతాయని మీ మామగారు ఒప్పుకోకపోవచ్చు. నూలు దర్రీయే కదా, తిరగేసి రెండు రోజులు పరిస్తే గీతలు సర్దుకుంటాయని ఒక చీటీ రాసి లోపల పెట్టండి.

తిరిగివచ్చిన సరుకు సంగతి కూడా వినండి. ఒకసారి నేను పంపిన దీపపు సెమ్మె బదులు, అదే పెట్టెలో సొట్టపడిన పాత గిన్నె వచ్చింది. ఫిర్యాదు చేస్తే ఆధారం అడిగారు, నా దగ్గర లేదు. ఆనాటి నుంచి ప్యాక్ చేసేటప్పుడు, తిరిగివచ్చింది విప్పేటప్పుడు పెట్టె మీది ఆర్డర్ చీటీ కనబడేలా ఆపకుండా వీడియో తీస్తున్నాను.

జీఎస్టీ విషయంలో మాత్రం పైన చెప్పినవారితో నేను ఏకీభవించను. మన ఊళ్లలో దర్రీ కావలసినవారు నేరుగా కొత్తవాడకే వస్తారు. ఆన్‌లైన్‌లో కొనేది ఎక్కువగా బెంగళూరు, ముంబై వంటి పట్టణాలవారు. వారికి అమ్మలేని అంగడి తెరిచి లాభమేమిటి?

పడుగుపేక మళ్లీ రాసినది:

ఇద్దరికీ ధన్యవాదాలు. కొరియర్ లెక్క చదివి మా వారు అప్పటికప్పుడు టేపు తెచ్చి మడత కొలిచారు. ఇంకొంచెం గట్టిగా కడితే ఎత్తు 7 సెంటీమీటర్లకు తగ్గింది. మామగారు మాత్రం చుట్టి పంపాలనే అంటున్నారు. మరో సందేహం ఉన్నది. చేతి నేత గనుక కొలత అటూ ఇటూ అంగుళం తేడా వస్తుంది, ఎరుపు రంగు మొదటి ఉతుకులో కొద్దిగా దిగుతుంది. ఈ సంగతి రాస్తే కొనేవాళ్లు వెనకాడరా? ‘వరంగల్ దర్రీ’ అని పేరు పెట్టుకోవచ్చా?

లెక్కలపుస్తకం జవాబు:

తప్పకుండా రాయండి. రంగు దిగదని రాసి, దిగిన తర్వాత సరుకు వెనక్కి తీసుకోవడం కంటే, మొదటిసారి విడిగా చన్నీటిలో ఉతకాలని ముందే చెప్పడం చవక. కొలత అడుగుల్లోనూ సెంటీమీటర్లలోనూ ఇచ్చి, అంగుళం తేడా ఉండవచ్చని పక్కనే రాయండి. ఫొటో పొద్దుటి వెలుతురులో, గుమ్మం దగ్గర తీయండి. ట్యూబులైటు కింద ఎరుపు వేరే రంగులా కనిపిస్తుంది. మగ్గం మీద సగం నేసిన దర్రీ ఫొటో ఒకటి తప్పక ఉండాలి, ఎందుకంటే మీ సరుకు పక్కనే మిషను మీద చేసిన పాలిస్టర్ పరుపుపట్టాలు ‘చేనేత’ పేరుతో సగం ధరకు కనబడుతుంటాయి.

పేరు విషయానికొస్తే, వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతంలో తయారైన సరుకుకే ఆ పేరు చెందుతుందనే గుర్తింపు) వచ్చింది. మీరు కొత్తవాడలోనే నేస్తున్నారు కాబట్టి, ఆ పేరు వాడే హక్కున్న అధీకృత వినియోగదారుగా మీ మామగారి పేరును భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో నమోదు చేయించడం మంచిది. ఇతరులు ఆ పేరుతో నకిలీ సరుకు అమ్మినప్పుడు అభ్యంతరం చెప్పడానికి అది పనికివస్తుంది. ప్యాకెట్టు మీద తయారీదారు పేరు, చిరునామా, కొలత, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ముద్రించడం మరవవద్దు.

ఇత్తడిపని అన్న చెప్పినదానిలో న్యాయముంది. పూర్తి నమోదు తీసుకుంటే కమీషన్ మీద కట్టిన 18 శాతాన్ని మీ పన్నులో మినహాయించుకోవచ్చు, అమ్మకం విలువలో వేదిక పన్ను కింద ముందుగా పట్టుకునే అర శాతం కూడా మీ జీఎస్టీ ఖాతాకే జమ అవుతుంది. కాకపోతే అమ్మకాలు లేని కాలానికి కూడా రిటర్ను (పన్ను లెక్కల పత్రం) వేయాలి, ఆలస్యమైతే రుసుము పడుతుంది. అందుకే ఆ పది దర్రీలు తెలంగాణలో అమ్ముడుపోయేదాకా పూర్తి నమోదుకు ఆగమంటున్నాను.

పడుగుపేక:

అలాగే చేస్తాను. పాన్‌లో పేరు మార్పుకు ఈరోజే మీసేవకు వెళ్లి దరఖాస్తు పెట్టాను. ధర 1,550 అనుకుంటున్నాం. మొదటి దర్రీని హైదరాబాద్‌లోని మా ఆడబిడ్డ ఇంటికి మడతపెట్టే పంపుతున్నాను. గీతలు ఎన్ని రోజులకు పోయాయో ఆమె ఫొటో తీసి పంపితే మామగారికి చూపించి, ఇక్కడ కూడా పెడతాను.