యేసు నామ బాప్తిస్మం తీసుకున్నోళ్లకు సి.ఎస్.ఐ.లో మళ్లీ ఇవ్వాలా?

పెన్నాతీరం, జమ్మలమడుగు
అందరికీ వందనాలు. మన పక్క తరచూ వచ్చే చిక్కే ఇది. అమ్మాయిది యేసు నామ సంఘం (యేసు పేరొకటే పలికి బాప్తిస్మమిచ్చేది, ఏకత్వ సంఘమనీ అంటారు), అబ్బాయిది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం). అంతా కుదిరినాక అయ్యగారు బాప్తిస్మ పత్రం చూస్తారు. అందులో "యేసుక్రీస్తు నామమున" అని మాత్రమే ఉంటుంది. "ఇది చెల్లదు, మళ్లీ తీసుకోవల్ల" అంటారు. అమ్మాయి తరఫువాళ్లు నొచ్చుకుంటారు. చెల్లదనడం న్యాయమేనా?

గుత్తికోట
పెండ్లిని పక్కన పెట్టండన్నా. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, ఏ మాటలు పలికి ముంచినారో అది అడగదు. ఇది సంఘ సభ్యత్వం సంగతి. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడిందే నైసియా విశ్వాస ప్రమాణాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వ నమ్మకాన్ని చెప్పే పాత ఒప్పుకోలు) ఒప్పుకొని. మత్తయి 28:19లో ప్రభువు "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామములోనికి" అన్నాడు. ఆ మాటల్లేనిది బాప్తిస్మమే కాదు. కానప్పుడు "మళ్లీ" అనే మాటెక్కడిది?

ఏకనామం, ప్రొద్దుటూరు
బ్రదర్, ఆ ఆజ్ఞ విన్న అపొస్తలులు ఏం చేసినారో చూడండి. అపొ. కార్యములు 2:38, 8:16, 10:48, 19:5, నాలుగు చోట్లా యేసు నామమే. త్రిత్వ సూత్రం (ఆ ముగ్గురి పేర్లు) పలికి ముంచినట్టు ఆ పుస్తకంలో ఒక్కచోట చూపించండి. "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అన్నాడు ఆయనే. మేము తండ్రిని కాదనలేదు, ఆత్మను కాదనలేదు. ముగ్గురు వ్యక్తులు అన్నదాన్నే కాదంటాం.

గుత్తికోట
ఆ నాలుగు చోట్లా మాటలు ఒకేలా లేవు గదా. ఒకచోట "యేసుక్రీస్తు", ఒకచోట "ప్రభువైన యేసు". నీళ్లల్లో పలికే సూత్రమే అయితే ఇన్ని రకాలుగా ఉండదు. ఎవరి అధికారం కింద అన్నదే ఆ పుస్తకం రాసిన లూకా చెప్పేది. 19వ అధ్యాయం ఇంకా పైనుంచి చదవండి. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదని ఎఫెసు శిష్యులు అంటే, పౌలు వెంటనే అడిగింది "అట్లయితే దేనిలోనికి బాప్తిస్మం పొందారు?" అని. బాప్తిస్మంలో ఆత్మ పేరు వినపడేది కాకుంటే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. తొలి సంఘకాలపు బోధ పుస్తకం డిడాఖే 7వ అధ్యాయంలోనూ ముగ్గురి పేరే ఉంది.

ఏకనామం, ప్రొద్దుటూరు
ఆ ప్రశ్న తర్వాత ఏ నామంలో ఇచ్చినారో 5వ వచనం చెప్తుంది. మీరు అక్కడికి రాకముందే ఆగిపోయినారు.

తుంగభద్ర, కర్నూలు
ఇద్దరూ చరిత్రను మరీ సుళువు చేస్తున్నారు.

866లో బల్గేరియన్లు బాప్తిస్మం గురించి అడిగితే పోపు మొదటి నికొలాస్, త్రిత్వ నామమున గానీ, అపొ. కార్యముల్లో ఉన్నట్టు క్రీస్తు నామమున మాత్రమే గానీ పొందినా మళ్లీ ఇయ్యొద్దన్నాడు. నాలుగో శతాబ్దపు మిలాను బిషప్ అంబ్రోసు కూడా దాదాపు ఆ దారే. కాబట్టి "మాటల్లేకుంటే బాప్తిస్మమే కాదు" అన్నది సంఘమంతా ఎప్పుడూ ఒక్క గొంతుతో చెప్పిన మాట కాదు.

ఏకనామం అన్నకూ ఒక చిక్కుంది. 325 నాటి నైసియా మహాసభ 19వ నియమం సమొసట పౌలు (త్రిత్వాన్ని కాదన్న మూడో శతాబ్దపు బిషప్, అపొస్తలుడు కాదు) అనుచరులకు మళ్లీ బాప్తిస్మం ఇయ్యమంది. వాళ్లు ముగ్గురి పేర్లూ పలికేవాళ్లేనని అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియు రాసినాడు! మాటలు సరే, విశ్వాసమే వేరన్నమాట. కాన్‌స్టాంటినోపుల్ మహాసభ పేరున ఉన్న 7వ నియమమేమో అరియన్లను (కుమారుడు సృష్టించబడినవాడే అన్నవాళ్లు) తైలాభిషేకంతో చేర్చుకోమంటూ, సబెల్లియులకు మాత్రం మొదట్నుంచీ బాప్తిస్మం ఇయ్యమంటుంది. తండ్రి, కుమారుడు, ఆత్మ ఒక్కరే, వేషాలే మూడు అన్నవాళ్లు సబెల్లియులు. ఈనాటి ఏకత్వ బోధకు చరిత్రలో దగ్గరి చుట్టం అదే.

అందుకే పత్రం మీది మాటలొకటే చూస్తే చాలదు. ఇచ్చిన సంఘం ఏం నమ్మి ఇచ్చిందన్నదీ చూడాలి. త్రిత్వం నమ్మే పాస్టరు పొరపాటున యేసు పేరొకటే పలికితే అది ఒక కేసు. త్రిత్వాన్ని తప్పని బోధించే సంఘం ఇస్తే అది పూర్తిగా వేరే కేసు. మనవాళ్లు ఈ రెండింటినీ ఒకే గాటన కడతారు.

(అన్నట్టు, నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అని సండే స్కూల్లో త్రిత్వం నేర్పించేది సాక్షాత్తూ సబెల్లియు బోధే. యొర్దానులో కుమారుడు నీళ్లల్లో, ఆత్మ పావురంగా, తండ్రి స్వరం పైనుంచి, మూడూ ఒకే వేళ. ఆ పోలిక అక్కడే విరిగిపోతుంది. ఏకత్వం వాళ్లను తప్పుపట్టే ముందు మన పిల్లలకు ఏం నేర్పిస్తున్నామో చూసుకోవాలి.)

పెన్నాతీరం, జమ్మలమడుగు
బాగుందన్నా. మరి అయ్యగారు ఏం చేయాలి?

తుంగభద్ర, కర్నూలు
పత్రం ఒక్కటే నమ్మొద్దు. కొన్ని సంఘాల్లో అచ్చు వేయించిన ఫారం ఒకటి, నీళ్లల్లో పలికేది ఒకటి. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమైన యేసుక్రీస్తు నామమున" అని రెండూ కలిపి పలికేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇచ్చిన పాస్టరుతోనో, గట్టున నిలబడిన సాక్షులతోనో మాట్లాడి, పలికిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. తర్వాత అమ్మాయితో కూర్చొని నైసియా ప్రమాణం వాక్యం వాక్యం చదివించి, ఒప్పుకుంటుందో లేదో అడగాలి. ఇది చేయకుండా నీళ్లల్లో దింపితే రెండోసారి తడవడమే. కొత్త బాప్తిస్మ పత్రం ఉంటుంది, నమ్మకం మాత్రం పాతదే.

సందేహం తేలకపోతే షరతుతో ఇచ్చే పద్ధతి ఉంది: "నీవు ఇదివరకే బాప్తిస్మము పొందియుండని యెడల" అని మొదలుపెట్టి ఇస్తారు. 1662 ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఉంది, కతోలిక ధర్మశాస్త్రం 869వ నియమంలోనూ ఉంది. పాత బాప్తిస్మాన్ని అవమానించినట్టూ ఉండదు, సంఘానికి సందేహమూ మిగలదు.

గుత్తికోట
షరతు పద్ధతి సందేహం ఉన్నచోటికే. త్రిత్వం లేదని బోధించే సంఘం ఇచ్చిందని తేలినాక ఇంకా సందేహమేంది? నేనైతే షరతు లేకుండానే ఇయ్యమంటా. కాకపోతే ప్రమాణం చదివించాలన్నది నిజమే, అది ముందు జరగాలి.

ఏకనామం, ప్రొద్దుటూరు
అమ్మాయి మనస్సాక్షి ఒప్పుకోకుంటే?

తుంగభద్ర, కర్నూలు
అప్పుడు సభ్యత్వం ఆపండి, బలవంతంగా ముంచొద్దు. పెండ్లి ఆగాల్సిన పని చట్టం ప్రకారం లేదు. అయితే గుడిలో జరిపేది, పెండ్లి ప్రకటనలు గుడిలో చదివేది బిషప్ ఆఫీసుకు ముందే రాసి అడగాలి. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు కాదు.