చార్మినార్ సమీపంలోని మా పాత ఇంటి స్థలంలో అపార్ట్‌మెంట్: అనుమతుల గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు దాదాపు 250 మీటర్ల దూరంలోని ఒక సందులో మా తాతగారు కట్టించిన గూనపెంకుల ఇల్లు ఉంది. డంగు సున్నపు గోడలు మూరెడు మందం ఉంటాయి. పడమటి గోడ మాకూ పక్కింటివారికీ ఉమ్మడిది, మా దూలాల కొసలు అందులోనే ఆని ఉన్నాయి. ఇంటిని పడగొట్టి అయిదు అంతస్తులు కట్టి, సగం ఫ్లాట్లు మాకు ఇస్తానని ఒక బిల్డర్ ముందుకు వచ్చారు.

పురావస్తు స్మారకాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం సరిహద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమనీ, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమనీ, రెండో దానిలో కట్టాలంటే నిరభ్యంతర పత్రం తప్పనిసరి అనీ చదివాను. బిల్డర్ మాత్రం "అదంతా మేం చూసుకుంటాం, ముందు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారం మాకు ఇచ్చే పత్రం) రిజిస్టర్ చేయండి" అంటున్నారు. ఈ తొందరే నాకు నచ్చడం లేదు.

ఇటువంటి నియంత్రిత ప్రాంతంలో అనుమతి తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే, దరఖాస్తుకు ఎంత కాలం పట్టిందో, ఎత్తు విషయంలో ఏ షరతులు పెట్టారో దయచేసి తెలుపగలరు. అనుమతి రాకపోతే ఒప్పందం దానంతట అదే రద్దయ్యేలా ఏం రాయించాలి? ఉమ్మడి గోడ కూల్చడానికి పక్కింటివారి రాతపూర్వక సమ్మతి అవసరమా? మా పెద్దనాన్నగారు వచ్చే వారమే సంతకం చేసేద్దామంటున్నారు.