ఎక్కుపెట్టడం అంటే గురిపెట్టడం కాదు

అందరికీ నమస్కారం. "ఎక్కుపెట్టు" అనే మాట గురించి ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నాను. మొన్న ఆదివారం ఫోన్లో జరిగిన సంగతి తర్వాత ఇక ఆగలేక రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా పిన్ని కొడుకు పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్టోబరు వస్తే లైసెన్సు తీసుకుని అడవిలోకి దుప్పుల వేటకి వెళ్తాడు. తుపాకీ ముట్టడు, కప్పీలు ఉండే కొత్తరకం కాంపౌండ్ విల్లు కూడా వాడడు. చెక్కతో చేసిన పాతకాలపు పొడుగు విల్లు, వెనక ఈకలు అంటించిన కర్ర బాణాలు, అంతే. వేట సంగతి మా పిన్నికి ఇప్పటికీ మింగుడుపడదు, ఇంట్లో ఆ ఊసే ఎత్తనివ్వదు, అది వేరే విషయం. వాడు ఫోన్ చేసి, "అక్కా, విల్లుకి తాడు తగిలించడాన్ని తెలుగులో ఏమంటారు? పాపకి చెబుదామంటే నా నోటికి స్ట్రింగ్ చేయడం అనే వస్తోంది" అన్నాడు. ఎక్కుపెట్టడం అంటారురా అన్నాను. "అదేంటి, ఎక్కుపెట్టడమంటే గురిపెట్టడం కదా" అన్నాడు.

వాడి తప్పేం లేదు. మనలో ఎంతమందిమి అలాగే అనుకుంటున్నామో చూడండి. ప్రతిపక్షం మీద విమర్శలు ఎక్కుపెట్టారు అని పేపర్లో రోజూ చదువుతాం, తుపాకీ ఎక్కుపెట్టాడు అని క్రైమ్ వార్తల్లో వింటాం. ఆ వాక్యాల్లోంచి చూస్తే ఎవరికైనా తోచే అర్థం గురి చూడటమే.

కానీ మిథిలలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. జనకుడు పెట్టిన పరీక్ష శివధనుస్సుని ఎక్కుపెట్టడం. అక్కడ గురి లేదు, కొట్టాల్సిన చేప లేదు, పిట్ట లేదు, బాణమే లేదు. ఉన్నది విల్లు, దానికి తాడు తగిలించడం, అంతే. రాముడు తాడు తగిలించి లాగబోతే విల్లు విరిగింది. ద్రౌపదీ స్వయంవరంలో మాత్రం రెండు పరీక్షలు, ముందు విల్లు ఎక్కుపెట్టాలి, ఆ తర్వాత మత్స్యయంత్రాన్ని కొట్టాలి, చాలామంది రాజులు ఆ మొదటిదాని దగ్గరే చేతులెత్తేశారు. ఎక్కుపెట్టడమూ గురిపెట్టడమూ ఒకటే అయితే రెండు పరీక్షలు ఎందుకు ఉంటాయి?

ఇంతవరకూ పుస్తక జ్ఞానమే, నాకూ ఎప్పట్నుంచో తెలిసిందే. అసలు ఆ పనికి "ఎక్కు" అనే పేరు ఎందుకు వచ్చిందో మాత్రం ఆ రాత్రి వీడియో కాల్‌లో కళ్లతో చూశాక గానీ తెలియలేదు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, వాడికి మధ్యాహ్నం పన్నెండు. ఫోన్ని బల్లమీద ఆనించి విల్లు చేతిలోకి తీసుకున్నాడు. తాడు దించి ఉంటే విల్లు దాదాపు తిన్నటి కర్ర, పక్కన పెడితే ఎవరూ విల్లనుకోరు. తాడుకి రెండు చివర్లా రెండు ఉచ్చులు. కింది ఉచ్చు దాని గాడిలో అలాగే ఉంటుంది, పై ఉచ్చు మాత్రం విల్లు మీదుగా ఒక జానెడు కిందికి జారి వదులుగా వేలాడుతుంటుంది. వాడు విల్లుకీ తాడుకీ మధ్యలోంచి ఒక కాలు పెట్టి, కింది కొనని రెండో కాలి చీలమండ ముందు ఆనించుకుని, తొడ వెనక విల్లుని వంచుతూ, రెండో చేత్తో ఆ ఉచ్చుని పైకి, పైకి తోసుకుంటూ వెళ్లాడు. అది ఎక్కుతూ ఎక్కుతూ వెళ్లి వింటికొప్పు (విల్లు పై కొన) దగ్గరున్న గాడిలో టక్కుమని పడింది. నాకు ఒళ్లు జలదరించింది. తాడు విల్లు ఎక్కింది! ఎక్కేలా పెట్టాడు కాబట్టి ఎక్కుపెట్టాడు. ఇన్నేళ్లుగా వాడుతున్న మాట కళ్లముందే అర్థం విప్పుకుంది.

ఆ తర్వాత వాడు పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టి విల్లుకీ తాడుకీ మధ్య పెట్టి చూసుకున్నాడు, ఎడం అంత ఉంటే సరిపోయినట్టట. ఎక్కుపెట్టడానికి ముందు ఆ ఎడమే ఉండదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అడవినుంచి రాగానే మొదట చేసే పని తాడు దించేయడం. రోజుల తరబడి ఎక్కుపెట్టి ఉంచితే చెక్క ఆ వంపుకే అలవాటు పడిపోతుంది, బలం చచ్చిపోతుంది. మరి దానికి తెలుగులో మాట? ఉంది. "ఎక్కు దించు". పాత కావ్యాల్లో "ఎక్కుడించు" అని కనిపిస్తుంది. ఎక్కుపెట్టు అనే మాట గురి అనే అర్థంలోకి జారిపోయింది కాబట్టి దాని జంట అనాథ అయింది, ఎందుకంటే గురిని దించడం అనే పని ఒకటి లేదు కదా. నా బాధ అంతా ఇదే. మాట అర్థం మారితే మారింది, భాష అన్నాక మారుతుంది, కానీ తనతో పాటు ఇంకో మంచి మాటని లాక్కుపోయింది.

వరస ఒకసారి చెప్పుకుంటే, ముందు విల్లు ఎక్కుపెట్టడం, తర్వాత బాణాన్ని నారికి, అంటే ఆ తాడుకి, సంధించడం (సంధి అంటే కలపడమే, వ్యాకరణంలో సంధీ ఇదీ ఒకటే), తర్వాత చెవిదాకా లాగడం, గురి చూడటం, వదలడం. మన పేపర్లు ఎక్కుపెట్టడాన్నీ సంధించడాన్నీ ఏది పడితే అది వాడేస్తాయి. ప్రశ్నలు సంధించారు అంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు, బాణాన్ని వదలడానికి సిద్ధం చేశారని అర్థం వస్తుంది. విమర్శలు ఎక్కుపెట్టారు అంటే మాత్రం బాణాన్ని తీసుకెళ్లి విల్లుకి తాడుగా కట్టినట్టు ఉంటుంది.

నారి అన్నాను కాబట్టి అదీ చెప్తాను. నార నుంచి నారి. అల్లె అన్నా, అల్లెతాడు అన్నా అదే. సంస్కృతంలో గుణం, జ్యా. ఈ జ్యా మీకందరికీ తెలుసు, తెలుగు మీడియంలో చదివినవాళ్లకి మరీ బాగా తెలుసు. వృత్తంలో రెండు బిందువుల్ని కలిపే గీత జ్యా, ఆ పైన ఉండే వంపు చాపం. అంటే తాడు, విల్లు. మా స్కూల్లో లెక్కల సారు నిర్వచనాలు బట్టీ పట్టించారు గానీ బోర్డు మీద గీసింది విల్లు బొమ్మేనని ఒక్కమాట చెప్పి ఉంటే నేను జ్యామితికి అంత భయపడేదాన్ని కాదు. కోటి అంటే వింటికొన, అందులోంచి వచ్చిందే కోటిజ్య, ఇప్పుడు కొసైన్ అంటున్నాం. ధనుర్వాతం కూడా ఇందులోదే, ఆ జబ్బులో వెన్ను ఎక్కుపెట్టిన విల్లులా వంగిపోతుంది. అంపశయ్యలో అంప అంటే అమ్ములు, బాణాలు. అమ్ములపొది అయితే ఇప్పుడు పూర్తిగా నావికాదళానికీ క్షిపణులకీ వెళ్లిపోయింది.

ఇక వేట దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడ నాకు ఇంకో విషయం తట్టింది. వాడి అల్లెతాడుకి రెండు చోట్ల చిన్న ఉన్ని బంతులు కట్టి ఉన్నాయి. ఇవేంట్రా అంటే, శబ్దం చావడానికి అన్నాడు. పాతకాలపు విల్లుతో దుప్పిని కొట్టాలంటే ఇరవై మీటర్ల లోపలికి రానివ్వాలి. బాణం సెకనుకి యాభై మీటర్లు పోతుందనుకుంటే ఆ దూరానికి దాదాపు అర సెకను పడుతుంది. తాడు చప్పుడు మాత్రం సెకనుకి 340 మీటర్లు, అంటే బాణం కంటే చాలా ముందే దుప్పి చెవిలో పడుతుంది. అది వినగానే దుప్పి దూకడానికి ముందు, కాళ్లు ముడిచి కిందికి కుంగుతుంది, బాణం వీపు మీదుగా వెళ్లిపోతుంది. అందుకే వేటగాడికి తాడు మోగకూడదు.

మరి మన పద్యాల్లో? "జ్యావల్లీధ్వని గర్జనంబుగ, సురల్ సారంగయూథంబుగా" అని సత్యభామ యుద్ధాన్ని పోతన వానాకాలంగా మార్చేసిన పద్యం ఎవరికి రాదు! అక్కడ తాడు చప్పుడు ఉరుము. యుద్ధంలో నారి సారించడం (తాడుని లాగి వదిలి మోగించడం) అంటే నేనొచ్చాను అని చాటడం. ధనుష్టంకారం వినిపించి శత్రువుని బెదరగొట్టాలి. వేటలో అదే చప్పుడు వినిపిస్తే ఇంటికి ఖాళీ చేతులతో రావాలి. మన చదువుల్లోకి వచ్చిన విల్లు మాటలు చాలావరకు యుద్ధానివి, మోగేవి. వేట మాటలు నోటివి, అడవిలో మిగిలాయి, కొన్ని సామెతల్లోకి వచ్చాయి. (అదే పద్యంలో సారంగం అంటే వానకోసం ఎదురుచూసే చాతకపక్షి, జింకకి కూడా అదే పేరు. ఉరుము అనుకుంటే చాతకానికి సంబరం, అల్లెతాడు అనుకుంటే జింకకి పరుగు.)

వేటనుంచి వచ్చిన సామెత అనగానే నాకు తట్టేది "లేడికి లేచిందే పరుగు". మాది వనస్థలిపురం. మా కాలనీకి పేరిచ్చిన హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఉన్నాయి, ఒకప్పుడు నిజాం వేటకి వచ్చిన అడవి, 1975లో మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లయిన సందర్భంగా ఆయన పేరు పెట్టారు. ఒక రోజు పొద్దున్నే గడ్డిలో పడుకున్న ఒక ఆడజింకని చూస్తూ నిలబడ్డాను. వెనక రోడ్డు మీద లారీ హారన్ మోగింది. అది లేచి, నిలబడి, చుట్టూ చూసి, అప్పుడు పరుగెత్తలేదు. లేవడమే పరుగు, రెండింటికీ మధ్య సందు లేదు. ఆ సామెత కట్టినవాళ్లు జింకని దగ్గర్నుంచి, చప్పుడు చేయకుండా, చాలాసేపు చూసినవాళ్లే అయ్యుంటారు. ఇప్పుడు మనం ఆలోచించకుండా పని మొదలుపెట్టేవాళ్లని దెప్పడానికి వాడుతున్నాం. అందులో జింకని చూసిన కళ్లు ఉన్నాయని మర్చిపోవద్దు.

కింద కామెంట్లలో అడిగినవాళ్ల కోసం, మర్నాడు రాస్తున్నది

లేడి, జింక, దుప్పి ఒకటేనా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మాటవరసకి అన్నిటినీ జింక అనేస్తాం గానీ విడివిడిగా పేర్లున్నాయి. లేడి అంటే అసలు కృష్ణజింకలో ఆడది, మగది ఇర్రి. వాటిలో మగదాని కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి, జీవితాంతం ఊడవు. దుప్పి ఒంటిమీద తెల్ల చుక్కలది, దాని కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా ఉండి ఊడిపోయి మళ్లీ వస్తాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు ఇదే. చిలుకూరు మృగవని పార్కులో కనిపిస్తుంది. కణితి ఇంకా పెద్దది. అమెరికాలో మావాడు వేటాడేది ఏటా కొమ్ములు రాల్చే జాతి కాబట్టి తెల్లతోక దుప్పి అనడం నాకు సబబనిపిస్తుంది. అందుకే పైన లేడి అని రాయలేదు.

తుపాకీ ఎక్కుపెట్టాడు అనడం తప్పా అని ఒకరు కొంచెం కోపంగానే అడిగారు. తప్పు అననండీ. నలుగురూ వాడుతున్న అర్థాన్ని తప్పనడానికి నేనెవర్ని. నా మనవి ఒక్కటే, విల్లు గురించి రాసేటప్పుడైనా, పిల్లలకి రామాయణం చెప్పేటప్పుడైనా ఎక్కుపెట్టడం అంటే తాడు ఎక్కించడమని చెప్పండి. "రాముడు విల్లు ఎక్కుపెట్టి గురి చూశాడు" అని మొన్న ఒక పిల్లల పుస్తకంలో మిథిల బొమ్మ కింద చదివి నిజంగా టెన్షన్ పడ్డాను, ఆ పాప ఎవరిని గురి చూశాడు అని అడిగితే వాళ్లమ్మ ఏం చెప్తుంది?

విల్లుకి అనాలా, వింటికి అనాలా అని ఇంకో ప్రశ్న. ఇల్లు, ఇంటికి లాగే విల్లు, వింటికి. మాట్లాడేటప్పుడు విల్లుకి అనే వస్తుంది, నేనూ పైన అలాగే రాశాను. బహువచనం పాతది విండ్లు. ఇండ్లు అనే మనకి విండ్లు అనడం కష్టమేమీ కాదు.

వేటని పొగుడుతున్నానని ఒకావిడ బాధపడ్డారు. మన దేశంలో జింక మీద విల్లెత్తడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అది ఉండాల్సిందే, మా ఇంటి పక్క జింకలు ఆ చట్టం వల్లే మిగిలాయని నమ్ముతాను. కానీ పని పోయినప్పుడు ఆ పని మాటలు ఎటు పోతాయి అన్నది మనం పట్టించుకోవలసిన విషయమే కదా.

మావాడి కూతురు పంపిన వాయిస్ మెసేజ్ నిన్న రాత్రి వచ్చింది. "అత్తా, దుప్పి రాలేదు, నాన్న ఎక్కు దించేశాడు" అంది. ద కాస్త డ లా పలికింది, ఎక్కు డించేశాడు అన్నట్టే వినిపించింది.

ఇక మీ నుంచి నాకు కావలసింది ఒకటుంది. ఆదిలాబాద్ వైపు గానీ, నల్లమల వైపు గానీ, భద్రాచలం వైపు గానీ చుట్టాలు, స్నేహితులు ఉన్నవాళ్లు, విల్లు వాడిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే దయచేసి అడగండి. తాడు తగిలించడాన్ని ఏమంటారు, దించడాన్ని ఏమంటారు, తాడుని దేంతో పేనుతారు, బాణం కొనని అలుగు అంటారా వేరే పేరుందా, చప్పుడు కాకుండా ఏం చేసేవాళ్లు. వాళ్లు ఏ భాషలో, ఏ యాసలో చెప్పినా అదే అక్షరాల్లో రాయండి, మనం దిద్దవద్దు. రికార్డు చేయడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. నేను అన్నీ ఒకచోట రాసి ఇక్కడే పెడతాను.