బ్యాట్ చెక్కారా, తరిమెన పట్టారా?

మొన్న మన గుంపులో ఒకరు ఫొటో పెట్టి "మా నాన్నగారు మనవడికి బేస్‌బాల్ బ్యాట్ చెక్కి ఇచ్చారు" అని రాస్తే కింద పెద్ద చర్చే నడిచింది. చెక్కడం శిల్పాలకు వాడే మాట కదా అని ఒకరు, "మలిచారు" అంటే అందంగా ఉంటుందని ఒకరు, లేత్ మీద, అంటే కర్రను గిర్రున తిప్పుతూ కోసే యంత్రం మీద, చేసిన వస్తువు కాబట్టి "తిప్పారు" అనాలని ఇంకొకరు. నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, రిటైరయ్యేదాకా లేత్ ముందు నిలబడి పనిచేసినవాణ్ణి. ఇప్పుడు ఒహాయోలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, మా మనవరాలు లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో, ఆడుతుంది, దానికి ఈ మధ్యే అలాంటి బ్యాట్ చేసి ఇచ్చాను కూడా. అందుకని ఈ మాట గురించి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తెలుగులో ఈ పనికి సొంత మాట ఉంది. తరిమెన పట్టడం. తరిమెన అంటే లేత్. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో ఉన్న మాటే, నేను ఎక్కడినుంచో పుట్టించింది కాదు. మా అనకాపల్లి వైపు పెద్దవాళ్ళు "తరిమెన పట్టిన మంచం కోళ్ళు" అనేవాళ్ళు, నునుపుగా గుండ్రంగా మధ్యమధ్య గాడులతో ఉండేవి. అప్పడాల కర్ర, పప్పుగుత్తి, బొంగరం, కుంకుమ భరిణె, ఉయ్యాల కోళ్ళు, ఇవన్నీ తరిమెన పనే. లేత్ షాపులు వచ్చాక "లేత్ పట్టించడం", "టర్నింగ్ చేయించడం" అనడం మొదలైంది. చూడండి, లేత్ అనే ఇంగ్లీషు మాట వచ్చినా "పట్టించడం" మాత్రం పోలేదు. హైదరాబాదులో పనిచేసేటప్పుడు ఉర్దూ మాట్లాడే సాటి పనివాళ్ళు ఖరాద్ అనేవాళ్ళు, అదీ ఇదే.

మరి "చెక్కడం" అంటే ఏం తప్పు? తప్పని కాదు, పని తీరు వేరు. చెక్కేటప్పుడు కర్ర కదలకుండా ఉంటుంది, బాడిసో ఉలో కదులుతుంది. తరిమెన మీద అంతా తలకిందులు. కర్ర గిర్రున తిరుగుతుంటుంది, ఉలిని మనం దిమ్మకు ఆనించి గట్టిగా పట్టుకుంటాం. ఏ కోణంలో పట్టుకున్నాం, ఎంత నొక్కాం, ఎప్పుడు వెనక్కి తీశాం అన్నదాంట్లోనే పనితనమంతా ఉంది. ఉలి మొన కాస్త ఎక్కువ దిగిందంటే కర్ర దాన్ని లాక్కుంటుంది, నిలువునా గాటు పడుతుంది, ఒక్కోసారి కర్ర తనను రెండు కొసలా పట్టి ఉంచిన మొనల మధ్యనుంచి ఎగిరి మీద పడుతుంది కూడా. అందుకే ముఖానికి అద్దాల మాస్క్ లేకుండా ఈ పని చేయొద్దని ఎవరికైనా చెబుతాను. ఇంత పట్టుకునే పనికి "పట్టు" అనే క్రియ రావడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. చిత్రిక పట్టడం, సాన పట్టడం, ఆకురాయి పట్టడం, తరిమెన పట్టడం, ఇవన్నీ ఒకే కుటుంబం మాటలు. పనిముట్టు పేరు ముందు, పట్టు తరవాత. "మలచడం" మంచి మాటే కానీ మట్టినీ మలుస్తారు, రాయినీ మలుస్తారు, పిల్లల్నీ మలుస్తారు, దాన్నిబట్టి ఏ పనిముట్టుతో చేశారో తెలియదు. ఇక "తిప్పారు" నాకు అసలు ఒప్పుదల కాదు, తిప్పేది మోటారు.

పాతకాలపు తరిమెన చూసినవాళ్ళు మన గుంపులో కొద్దిమందైనా ఉంటారు. కర్రకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవాళ్ళు, అచ్చం కవ్వంతో మజ్జిగ చిలికినట్టే. కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఉలి ఒక వైపు తిరిగినప్పుడే తెగుతుంది, రెండో వైపు వచ్చినప్పుడు కాస్త ఎడంగా జరపాలి. తమిళం తెలిసినవాళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, వాళ్ళ భాషలో లేత్ పనిని కడైసల్ అంటారు, మజ్జిగ చిలకడానికీ అదే ధాతువు.

ఇక బ్యాట్ సంగతి. ఫొటో కింద ఒక అక్క అడిగారు, కొనుక్కుంటే పోయేదానికి ఇంత కష్టం ఎందుకని. కొనొచ్చు. పిల్లలు ఎక్కువగా అల్యూమినియం బ్యాట్లతోనే ఆడతారు కూడా. కానీ చెక్క బ్యాట్‌కు బంతి సరైన చోట తగిలితేనే దెబ్బ బాగుంటుంది, పిడి దగ్గర తగిలితే చేతులు జిల్లుమంటాయి, దాంతో పిల్లలు బంతిని చూసి కొట్టడం నేర్చుకుంటారు. పైగా తాత చేతిపని పిల్ల చేతిలో ఉండాలని నాకు బలంగా ఉంది, ఆ సంగతి దాచుకోను. నియమాలు మాత్రం చూసుకోవాలి. లిటిల్ లీగ్‌లో దాని వయసు పిల్లలకు బ్యాట్ పొడవు 33 అంగుళాలు, లావు 2⅝ అంగుళాలు దాటకూడదు. పెద్దవాళ్ళ మేజర్ లీగ్‌లో పొడవు 42 అంగుళాల వరకు ఉండొచ్చు, లావు మాత్రం 2.61 అంగుళాలే, అదీ ఒకే చెక్కతో చేసినదై ఉండాలి. నేను చేసింది 29 అంగుళాలది, లావు భాగం రెండుంపావు అంగుళాలు. పదేళ్ళ పిల్ల ఊపగలగాలి కదా.

కర్ర విషయంలో ఒక మాట. గుంపులో ఒకరు "బూడిద చెట్టు కర్రతో చేస్తారట" అని రాశారు. అది మెషీన్ అనువాదం చేసిన పని. యాష్ అనేది ఒక చెట్టు పేరు, బూడిదకూ దానికీ సంబంధం లేదు, ఆ చెట్టు మన వైపు లేదు కాబట్టి మనకు పేరూ లేదు, యాష్ అనే అందాం. చాలా ఏళ్ళు బ్యాట్లు ఎక్కువగా యాష్‌తోనే చేసేవాళ్ళు. 2001లో బ్యారీ బాండ్స్ అనే మేజర్ లీగ్ ఆటగాడు మేపుల్ బ్యాట్‌తో 73 హోమ్ రన్లు కొట్టాక చాలామంది మేపుల్ వైపు మళ్ళారు. దానికి తోడు ఆసియా నుంచి వచ్చిన ఒక ఆకుపచ్చ పెంకు పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడింది. దాని లార్వాలు బెరడు కింద తొలిచి యాష్ చెట్లను కోట్ల లెక్కన చంపేశాయి. మా వీధిలోనే యాష్ మోడులు ఉన్నాయి, చూస్తే బాధేస్తుంది. నేను వాడింది మేపుల్.

ఇక్కడ తెలుగువాళ్ళం పొరబడే చోటొకటి ఉంది. మంచి కర్ర అనగానే మనం "చేవ ఉన్న కర్ర" అంటాం. చేవ అంటే చెట్టు నడిమి గట్టి భాగం, అందులోంచే "చేవగల మనిషి", "చేవచచ్చిన" లాంటి మాటలు వచ్చాయి. టేకు, మద్ది, వేగిస లాంటి వాటికి చేవే ప్రాణం, తెల్ల చెక్కకు పురుగు పడుతుంది. మేపుల్ బ్యాట్లకు మాత్రం ఎక్కువగా బయటి వైపు ఉండే ఆ తెల్ల చెక్కనే తీసుకుంటారు. ఇక్కడ చూడాల్సింది చేవ కాదు, నార. నార పిడి నుంచి కొస దాకా నిటారుగా పోవాలి. ఏటవాలుగా పోయిందంటే బ్యాట్ రెండుగా చీలి, మొనదేలిన ముక్క మైదానంలోకి ఎగురుతుంది. 2008లో మేజర్ లీగ్‌లో ఇలా విరిగిన బ్యాట్లన్నీ పోగేసి పరీక్షించారు, విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్న ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల కూడా ఆ పనిలో పాలుపంచుకుంది. మేపుల్‌లో నార కంటికి సరిగా కనబడదు కాబట్టి పిడి మీద ఒక సిరా చుక్క వేసి చూడమన్నారు. సిరా నార వెంబడి పాకుతుంది, ఆ గీత మూడు డిగ్రీలకు మించి పక్కకు పోతే ఆ కర్ర పనికిరాదు. నేనూ ఫౌంటెన్ పెన్నుతో చుక్క వేసి చూసుకునే మొదలుపెట్టాను, పిల్లల చేతికిచ్చే వస్తువు కదా.

చేసే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. మూడంగుళాల లావు కర్ర తీసుకుని ముందు మొత్తం గుండ్రంగా చేసుకోవాలి. తరవాత ప్రతి రెండంగుళాలకు ఒక గీత పెట్టి, అక్కడ ఎంత లావు ఉండాలో కాలిపర్‌తో కొలుస్తూ సన్నటి ఉలితో గాడి తీయాలి. ఆ గాడులన్నిటినీ కలుపుతూ పోతే రూపం వస్తుంది. పిడి చివర్లో చేయాలి. ముందే సన్నం చేస్తే కర్ర మధ్యలో అదరడం మొదలెడుతుంది, ఉలి ఆగదు, ఒంటినిండా అలలు పడతాయి. అప్పుడు కూడా మధ్యలో స్టెడీ, అంటే కర్ర అదరకుండా ఆపే ఆసరా, ఆనించుకుంటే మంచిది. ఆపైన శాండ్ పేపర్, గరుకు నుంచి మెత్తదానికి.

ఇప్పుడు ఈ బ్యాట్ల చరిత్రలో నాకు బాగా నచ్చిన భాగం. కెంటకీలో లూయీవిల్ అనే ఊరుంది, ప్రసిద్ధమైన లూయీవిల్ స్లగ్గర్ బ్యాట్లు పుట్టిన చోటు. 1884లో బడ్ హిల్లరిక్ అనే కుర్రవాడు, బ్యాట్ విరిగిన పీట్ బ్రౌనింగ్ అనే ఆటగాడికి తన తండ్రి షాపులో కొత్త బ్యాట్ చేసి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ తండ్రి షాపులో చేసేవి ఏమిటో తెలుసా? మెట్లకు కటకటాలు, వరండా స్తంభాలు, వెన్న చిలికే పీపాలు. బ్యాట్లు ఎందుకు, దండగ అన్నాడట ఆ పెద్దాయన. అంటే అక్కడా ఆట బ్యాట్ ఇంటి సామాను చేసే లేత్ మీదే పుట్టింది. అదే లేత్, అదే ఉలి, చేసే వస్తువు మారిందంతే. మరి మన మంచం కోళ్ళకు వాడిన మాట ఆ బ్యాట్‌కు ఎందుకు పనికిరాదు?

ఇంకో సంగతి. బిళ్ళంగోడులో బిళ్ళను కొట్టే కర్రను కోడు అంటాం, మంచం కాలినీ కోడు అంటాం. తెలంగాణలో ఈ ఆటను చిర్రగోనె అంటారు, గూటీబిళ్ళ అనేవాళ్ళూ ఉన్నారు. ఒకరు "అయితే బ్యాట్‌ను కోడు అందాం" అన్నారు. నాకు అంత అవసరం కనబడలేదు. బ్యాట్ అంటే పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు, ఆ మాట తెలుగైపోయింది. పేరు ఉన్నచోట కొత్త పేరు పెట్టడం కంటే, ఉన్న క్రియను పోగొట్టుకోకపోవడం ముఖ్యం అంటాను.

ఈ మాట నిజంగా బతికున్న పని చూడాలంటే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వెళ్ళండి. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మెత్తటి అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ బొమ్మ తీసి, అది తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది, దాన్ని మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. నేను మా మనవరాలి బ్యాట్‌కు పూసింది షెల్లాక్, అదీ లక్కే, లక్క పురుగు ఇచ్చినదే, స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. అలా ఒహాయో మేపుల్ మీద మన లక్క ఎక్కింది. పిడికి మాత్రం ఏమీ పూయలేదు, చెయ్యి జారకూడదు.

ఇక వాక్యంలో ఎలా వాడాలంటే: "కర్రను తరిమెన పట్టి బ్యాట్ చేశాను", "తాతగారు తరిమెన పట్టిన బ్యాట్", డబ్బులిచ్చి చేయించుకుంటే "లేత్ షాపులో తరిమెన పట్టించాం". కత్తిని సాన పట్టినట్టే, తరిమెన పట్టేది కర్రను. ఎవరికైనా తరిమెన అంటే అర్థం కాదనిపిస్తే "లేత్ పట్టారు" అనండి, అదీ నికార్సయిన తెలుగు వాక్యమే. ఫొటో పెట్టినవారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి, పిడి దగ్గర ఆ బుడిపె చాలా బాగా తీశారు, అది ఎంత కష్టమో నాకు తెలుసు.

ఏటికొప్పాక వైపు వాళ్ళెవరైనా గుంపులో ఉంటే ఒక్క సాయం చేయండి. అక్కడి పనివాళ్ళు ఒక్కో ఉలికి ఒక్కో పేరు పెట్టి పిలుస్తారు. గుండ్రటి మొన ఉన్నదానికి, ఏటవాలు మొన ఉన్నదానికి, గాడి తీసేదానికి ఏ పేర్లు వాడతారో అడిగి ఇక్కడ రాయండి. నేను నేర్చుకున్నది ఐటీఐలో కాబట్టి నాకు అన్నీ ఇంగ్లీషు పేర్లే వచ్చు, మా మనవరాలికి వాటి తెలుగు పేర్లు చెప్పాలని ఉంది.